సఫ్తా బీపీ చూస్తుంది

మా ఊరి నర్సు సఫ్తాకు మనిషి కనిపిస్తే బీపీ చూడాలనిపిస్తుంది. ఒంట్లో బాగాలేనివాళ్లకు ఏ నర్సయినా చూస్తుంది. సఫ్తా బాగున్నవాళ్లను వదలదు.

రొట్టెల కొట్టుకు వెళ్లాలంటే ఆసుపత్రి ముందునుంచే వెళ్లాలి. వేరే దారి లేదు. గుమ్మంలో సఫ్తా ఉంటుంది. మొహం ఎర్రగా ఉందని ఆపుతుంది. ఎండలో పొద్దుతిరుగుడు కోసి వచ్చినవాడి మొహం ఇంకెలా ఉంటుంది? పాలిపోయి ఉన్నా ఆపుతుంది. మామూలుగా ఉంటే ఆమెకు మరీ అనుమానం.

పోస్టుమాన్‌ను సైకిలు దిగనివ్వకుండానే చేతికి బీపీ పట్టీ చుట్టేది. అతను ఒక కాలు నేలమీద ఆన్చి ఆకాశం చూస్తూ నిలబడేవాడు. తర్వాత ఇళ్ల వెనకనుంచి, చేలగట్ల మీదుగా ఉత్తరాలు పంచడం మొదలుపెట్టాడు. మా ఊరికి ఉత్తరాలు ఆలస్యంగా రావడానికి కారణం ప్రభుత్వం కాదు.

మా దగ్గర శవయాత్ర ప్రతి మలుపులోనూ ఆగుతుంది. ఫాదర్ ప్రార్థన చదువుతాడు. ఆసుపత్రి దగ్గరా ఒక మలుపుంది. నిరుడు అక్కడ ఆగిన కాసేపట్లో సఫ్తా చనిపోయినాయన భార్యకు చూసింది, పెట్టె మోసేవాళ్లకు చూసింది, చదువుతున్న ఫాదర్ ఎఫ్తిమీ చొక్కా చెయ్యి పైకి లాగి ఆయనకూ చూసింది. తర్వాత పెట్టె వైపు తిరిగింది.

"ఆయనకి అక్కర్లేదులే సఫ్తా," అన్నాడు ఫాదర్, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

ఆసుపత్రికి ఎదురుగా పరస్కీవ ఇంటి గేటు. గేటు పక్కన కూర్చునే బల్ల. అందరిళ్ల ముందూ బల్లలున్నా ఊరిని నడిపేది ఈ బల్లే. ఆడవాళ్లు పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ కూర్చుంటారు. జబ్బు లేని ఆడపిల్ల ఎవరైనా ఆసుపత్రి గుమ్మం ఎక్కితే, ఆవులు ఇంటికి తిరిగి వచ్చేలోపే బిడ్డకు బాప్టిజం ఏ నెలలోనో బల్లమీద తేలిపోయేది. అందుకని ఆడపిల్లలు వెళ్లేవారు కాదు. అడగవలసినవి అడిగేవారు కాదు.

నేను హైస్కూల్లో భూగోళం చెబుతాను. ఏటా ఆకురాలు కాలంలో నా తరగతిలో ఒక అమ్మాయి కూర్చునే చోటు ఖాళీ అయ్యేది. కొన్నాళ్లకు ఆ అమ్మాయే పసిబిడ్డ బండి తోసుకుంటూ బడి కంచె పక్కనుంచి వెళ్లేది. లోపలికి చూసేది. నేను గోడమీది పటం వైపు తిరిగేవాణ్ణి.

ఒకసారి సఫ్తా, నేనూ కలిసి పిల్లలు ఎలా పుడతారో చెప్పే పాఠం బడిలో పెట్టమని అడిగాం. దానికి తల్లిదండ్రుల ఒప్పుదల కావాలి. అందర్నీ పిలిచాం. ఒక తండ్రి లేచి, తెలియని పిల్లలకు మనమే తెలియజెప్పడమేమిటని నిలదీశాడు. చప్పట్లు కొట్టారు. ఆయన కూతురికి పదిహేనేళ్లు. ఆయన మనవడు బయట బండిలో ఏడుస్తున్నాడు. పాఠం రద్దయింది. సఫ్తా తలుపు దగ్గర నిలబడి, వెళ్లేవాళ్లందరికీ బీపీ చూసి పంపింది.

ఈ ఏడు నా దిగులంతా ఒటిలియా గురించి. పదహారేళ్లది. దాన్యూబ్ నదిని పటం చూడకుండా, ఒక్క వంపూ తప్పకుండా గీస్తుంది. ఓడల చదువుకు రేవుపట్నం కొన్‌స్టాంట్సా వెళ్తానంటుంది. వసంతం రాగానే పటం మానేసి కిటికీ చూడడం మొదలుపెట్టింది. కిటికీ అవతల టావి అనే కుర్రాడు, అతని మోటారుసైకిలు. ఒకరోజు బడి అయ్యాక ఆమెను ఆపి భవిష్యత్తు గురించి ఎత్తుకున్నాను. నదీముఖంలో మేట ఎలా వేస్తుందో చెప్పి ముగించాను. ఇద్దరం అలసిపోయాం.

ఓ మధ్యాహ్నం బస్సు కోసం పరస్కీవ బల్ల చివర కూర్చున్నాను. ఒటిలియా రొట్టె పట్టుకుని వస్తోంది. ఎదుటి గుమ్మంలోంచి కేక వినిపించింది.

"ఏయ్ పిల్లా, ఇలా రా. నడకలోనే తెలుస్తోంది నీకు బీపీ ఉందని."

ఒటిలియా లోపలికి వెళ్లింది. నేను బల్లమీది ఆడవాళ్ల వైపు చూశాను. ఒక్కరూ తల ఎత్తలేదు.

"దొరికిపోయింది పాపం," అంది పరస్కీవ, గింజ పొట్టు ఊస్తూ.

చాలాసేపటికి ఒటిలియా బయటికొచ్చింది. చొక్కా చెయ్యి మోచేతిదాకా మడిచి ఉంది. దాన్ని అందరికీ కనిపించేలా నెమ్మదిగా దించుకుంటూ వెళ్లిపోయింది. మరుక్షణం సఫ్తా నన్ను పిలిచింది. బస్సు పోయింది.

లోపల పట్టీ మేకుకే వేలాడుతోంది. మేజామీద మాత్రం మేము బడిలో చూపించాలనుకున్న పాఠం బొమ్మలు పరిచి ఉన్నాయి. నేను వాటిని చూశాను. ఆమె నా చొక్కా చెయ్యి మడవడం మొదలుపెట్టింది.

"ఆ అమ్మాయికి నువ్వు బీపీ చూడలేదు కదా," అన్నాను.

"దానికేం, రాయిలా ఉంది. అడగాల్సినవి బోలెడున్నాయి, అడిగింది. చెప్పాను. కావాల్సినవి ఇచ్చాను."

"మరి టావి?"

"వాడికి మొన్ననే చూశాను. చెవులు ఎర్రబడేదాకా చూశాను."

ఊరందర్నీ ఇలా వేధించకపోతే ఏమని అడిగాను.

"ఆడపిల్ల ఒక్కతే లోపలికొస్తే అది కబురు మాస్టారూ. ఊరు ఊరంతా వస్తుంటే ఎవరికి పట్టింది?" గాలి కొట్టి, ముల్లు చూసి, మొహం చిట్లించింది. "మీకు నిజంగానే ఎక్కువుంది. ఉప్పు తగ్గించండి."

సెప్టెంబరులో బడి తెరిచారు. హాజరు పిలుస్తూ, ఒటిలియా పేరు మాత్రం గోడమీది పటం వైపు తిరిగి పిలిచాను. వెనక వరసలోంచి విసుగ్గా పలికింది. అంత కమ్మని విసుగు నేనెన్నడూ వినలేదు.

ఆ సంగతి సఫ్తాకు చెబుదామని వెళ్లాను. నాకంటే ముందే పరస్కీవ బల్లమీదనుంచి లేచి, మనవరాలి రెక్క పట్టుకుని రోడ్డు దాటుతోంది. ఆ పిల్లకు ఈ మధ్యే పదహారు నిండాయి. గుమ్మం దగ్గర పిల్లను లోపలికి తోసింది.

"దీనికి చూడవే సఫ్తా. తొందరేం లేదు, అన్నీ వివరంగా చూడు," అంది. ఆ తర్వాత బల్లకు తిరిగొచ్చి, ఆసుపత్రికి వీపు పెట్టి కూర్చుంది.