అడగకుండా ఒడిలో పెట్టిన పాప

గండిమైసమ్మలో బస్సెక్కగానే అదృష్టం కొద్దీ సీటు దొరికింది. మేడ్చల్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, పరాయి దేశాల వాళ్ళతో ఎలా మెలగాలో పిల్లలకు నేర్పడం నా ఉద్యోగం. ఎవరినైనా ముట్టుకునే ముందు, ఎవరి చేతికైనా ఏదైనా ఇచ్చే ముందు అడగాలి అన్నది ఆ రోజు పాఠం. ఆ కాగితాలే తిరగేస్తున్నాను. పాపను భుజాన వేసుకున్న ఒకామె రద్దీలో నా పక్కకొచ్చి నిలబడింది. ఒక్క మాటైనా అనకుండా, నిద్రపోతున్న పాపను నా ఒడిలో పెట్టేసింది. నా పాఠం పాప చెంప కింద నలిగిపోయింది.

నిజానికి నాకు కోపం రాలేదు. క్లాసులో చెప్పడానికి మంచి ఉదాహరణ దొరికిందని సంబరపడి, నవ్వుతూనే అడిగాను.

"నన్ను అడగకుండానే ఇచ్చేశారేం?"

ఆమె ముఖం చిన్నబోయింది. "కూసున్నోళ్ళు పట్టుకుంటరు గద మేడం. గీ దానికి అడుగుడేంది?" అంటూనే పాపను ఎత్తేసుకుంది.

"అయ్యో, వద్దని కాదమ్మా, ఊరికే తెలుసుకుందామని..."

"పర్వలేదు. మీకెందుకు తక్లీఫ్?"

పాప లేచి ఏడుపందుకుంది. నేను లేచి సీటిచ్చినా ఆమె కూర్చోలేదు. మేడ్చల్ దాకా ఒక చేత్తో కడ్డీని, ఒక చేత్తో పాపను పట్టుకుని నిలబడే ఉంది.

ఆమె అడగకపోవడం తప్పో, నేను అడగడం తప్పో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. పాఠం మాత్రం ఏటా అదే చెబుతున్నాను. బస్సులో సీటు దొరికితే బ్యాగు కాళ్ళ దగ్గర పెట్టేసి, ఒడి ఖాళీగా ఉంచుకుని కూర్చుంటున్నాను.