అవ్వ చెవిన వేసిన మాట

పెళ్లయింది, పిల్లలు పుట్టారు, వాళ్లకూ పిల్లలు పుట్టారు. ఒక్క మాట మాత్రం ఎవరికీ చెప్పుకోలేక ఇన్నేళ్లూ మోస్తూనే ఉన్నాను. మీరు నాకేమీ కారు. నేను మీకేమీ కాను. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

రాజీ మా పెదనాన్న కూతురు, నా ఈడుదే. మద్రాసులోని జార్జి టౌన్‌లో ఒకే ఇంట్లో పెరిగాం, ఒకే బళ్లో చదివాం. పరుగులో అది మొదట, నేను తర్వాత. దూకడంలోనూ అంతే. గుండు విసరడం నేర్పేవాళ్లు లేకపోతే, అవ్వ పిండి రుబ్బే పొత్రాన్ని పెరట్లోకి మోసుకెళ్లి, ఇసుకలోకి విసిరి విసిరి తనంతట తనే నేర్చుకుంది. అవ్వ తిడుతుంటే నవ్వుతూ కడిగి మళ్లీ రోట్లో పెట్టేది. తెల్లవారకముందే లేచి సముద్రపొడ్డున తడి ఇసుకలో వట్టి కాళ్లతో పరుగెత్తేది. నన్నూ లేపేది. నేను ముసుగుతన్ని పడుకునేదాన్ని. అయినా అది గెలిచినప్పుడల్లా నాకు కడుపు మండిపోయేది. బద్ధకం నాదైతే కోపం దాని మీద ఎందుకు? అప్పట్లో ఆ ప్రశ్న నేను వేసుకోలేదు.

ఆంధ్ర విడిపోయిన కొత్తలో మద్రాసు జట్టుకు ఆడపిల్లలను ఎంచడానికి పోటీ పెట్టారు. మా బడి నుంచి రాజీ పేరు ఇచ్చారు. అది రాలేకపోతే నేను వెళ్లాలి.

మాది మడి ఇల్లు. నెలసరి వస్తే మూడు రోజులూ పెరటి గదిలో కూర్చోవలసిందే. రాజీకి రోజులు దగ్గరపడ్డాయని నాకు తెలుసు, అవ్వకూ తెలుసు. పోటీ ముందురోజు పొద్దున అవ్వ తులసికి నీళ్లు పోస్తుంటే పక్కకు చేరి గుసగుసలాడాను.

“అవ్వా, రాజీ బయట చేరింది. పోటీ పోతాదని చెప్పకుండా ఇల్లంతా తిరగతా ఉండాది.”

అది పచ్చి అబద్ధం. కానీ అతికింది. రాజీ కాదని ఏడ్చింది, ఒట్లు పెట్టింది. దాచే పిల్ల కూడా అలాగే అంటుంది కదా! అవ్వ దాన్ని గదిలోకి పంపి, ఇల్లంతా కడిగించింది.

మధ్యాహ్నం నేనే అన్నం తీసుకెళ్లి గడప దగ్గర పెట్టాను.

“ఎవురు చెప్పినారే అవ్వకి?”

“నాకేం తెలుసు?”

అది పళ్లెం లోపలికి లాక్కుంటూ నా మొహంలోకి చూసింది. “సరే పో. నువ్వన్నా బాగా పరుగెత్తు. మలుపుకాడ ఊపిరి బిగబట్టబాక” అంది.

వెళ్లాను. చివరివాళ్లలో ఒకదాన్నయ్యాను. గెలిచిన అమ్మాయి పరుగు చూడగానే, రాజీ వచ్చి ఉంటే ఆమె వెనకబడేదని తెలిసిపోయింది. ఇంటికొచ్చి పెరట్లోకి వెళితే, మూసిన తలుపు వెనక దబదబ చప్పుడు. నిలుచున్న చోటే గెంతుతోంది. నాకు సిగ్గు కలగాలి కదా? నిజం చెబుతున్నాను, అప్పుడు కూడా కుళ్లే కలిగింది. గదిలో పెట్టించినా దీన్ని ఆపలేకపోయానే అనుకున్నాను.

ఆపింది అవ్వ. గదిలో ఉండగానే దానికి నిజంగా రోజులు వచ్చాయి, నా అబద్ధం బయటపడలేదు. మైల దాచి ఇంట్లో తిరిగిన పిల్ల అని దాని మీద నమ్మకం పోయింది. ఆ తర్వాత దాన్ని ఒంటరిగా గడప దాటనివ్వలేదు. సముద్రం వైపు వెళ్లడం మానిపించింది, ఆటలకు పంపవద్దని పెదనాన్నకు గట్టిగా చెప్పింది. రాజీ మళ్లీ ఏ పోటీకీ వెళ్లలేదు.

దాని ముందే ఒప్పుకోవచ్చు కదా అంటారు. ఎన్నోసార్లు అనుకుని వెళ్లాను. “రాయే” అని ఎదురొస్తుంది, నేను వేరే మాటలేవో చెప్పి వచ్చేస్తాను. మొన్నటికి మొన్న దాని కూతురింట్లో అది మేడమెట్లు చకచకా ఎక్కిపోతుంటే, కర్ర పట్టుకుని కింద నిలబడి చూశాను. ఈ వయసులో కూడా ఓర్వలేకపోయాను. ఇలాంటిదాన్ని క్షమించమని ఎవరిని అడగను?

అడగను. ఆ రోజు రాజీ బయట చేరలేదు. అవ్వకు అబద్ధం చెప్పింది నేను. ఈ రెండు మాటలూ నా నోటితో ఒక మనిషికి చెప్పడం ఇదే మొదటిసారి.