మందలో కొత్త పిట్ట

నిజాం రోజులు. నాకు పదేళ్లు. మాది సిద్దిపేట దగ్గర నారాయణరావుపేట. గొర్రెలు కాసే మా బాపు ఒక చలికాలం గొంగళ్లు అమ్మడానికి బందరు వెళ్తూ, సముద్రం చూపిస్తానని నన్నూ వెంటబెట్టుకెళ్లాడు.

తీరంలో ఒక బడిపంతులు దుర్భిణీ పట్టుకుని ఇసుకలో బోర్లా పడుకుని ఉన్నాడు. ఎదురుగా వందలకొద్దీ తెల్లటి సీగల్ పక్షులు. "వీటిలో ఇటువైపు ఎప్పుడూ రాని రకం ఒకటుందండీ. మొన్న చూశాను, మళ్లీ దొరకట్లేదు. చెబితే అందరూ నవ్వుతున్నారు" అని వాపోయాడు.

బాపు కళ్లు చికిలించి చూశాడు. "గా పడవ పక్కనున్నది గీ మందది కాదు, సారూ."

పంతులు దుర్భిణీ అటు తిప్పేలోపే నేను "ఏదీ? ఏదీ?" అని అరుస్తూ ఉరికాను. మంద మొత్తం లేచిపోయింది. పంతులు మొహం చూసి సిగ్గుతో చచ్చిపోయాను.

బాపు నన్ను కసిరి కూర్చోబెట్టాడు. కాసేపటికి పక్షులన్నీ మళ్లీ దిగాయి. "గదిగో, ఇప్పుడు నీళ్ల అంచున ఉన్నది."

సన్నని ముక్కు, పొడుగు మెడ! "అదేనండీ!" అంటూ పంతులు బాపును కావలించుకున్నాడు.

తిరిగొస్తూ అడిగాను. "అన్నీ ఒక్కతీరే ఉన్నయి గద బాపూ, ఎట్ల గుర్తువట్టినవ్?"

"మందల కొత్త గొర్రె పక్కదాన్ని చూసుకుంట నడుస్తది బిడ్డా. పొద్దటిసంది గీ బందర్ల మనం నడుస్తలేమా? గట్లనే."

పెళ్లయి అత్తారింట్లో అడుగుపెట్టిన రోజు, తోటికోడళ్లను చూసుకుంటూ నడుస్తున్న నన్ను నేనే గుర్తుపట్టి నవ్వుకున్నాను.