మూడో అంతస్తులో ఆగే లిఫ్టు

కరోనా సెకండ్ వేవ్ తగ్గిన మరుసటి ఏడాది, జూన్ మొదటి సోమవారం నాడు, హనుమకొండలోని ఒక మిషన్ ఆసుపత్రిలో చాప్లిన్‌గా చేరాను. అంతకుముందు పదకొండేళ్ళు రఘునాథపల్లి వైపు పల్లె సంఘాల్లో పాస్టరుగా పనిచేశాను. చాప్లిన్ అంటే ఆసుపత్రి పాస్టరు. పై అధికారి మెడికల్ సూపరింటెండెంటు. డాక్టర్ల రౌండ్లు ముగిసేదాకా మేము వార్డులో అడుగు పెట్టకూడదు. ఇతర మతాల వారి మంచం దగ్గర వాళ్ళు అడిగితేనే ప్రార్థన చేయాలి. రోగి తల మీద చెయ్యి ఉంచాలన్నా ముందు అనుమతి అడగాలి. చేసిన ప్రతి సందర్శనా రిజిస్టరులో ఎక్కించి, నెలాఖరున నివేదిక రాసి సూపరింటెండెంటు బల్ల మీద పెట్టాలి. నాకు మొదటి నుంచీ రిజిస్టర్ల మీద నమ్మకం ఎక్కువ. ఈ ఉదంతంలో నన్ను ఇరుకున పెట్టింది ఆ నమ్మకమే. పేర్లు మాత్రం మార్చి రాస్తున్నాను.

సూపరింటెండెంటు గారు నాకు విడిగా అప్పగించిన పని గురువారం మధ్యాహ్నం జరిగే పురుషుల కూడిక. స్త్రీల సమాజం మా సంఘాలన్నింటిలోనూ ఉంటుంది. ఏడవడానికీ ఓదార్చడానికీ వాళ్ళకొక చోటుంది. మగవాళ్ళకు అది లేదు. కరోనా వార్డుల్లో చేసిన మగ సిబ్బందిలో కొందరు తాగుడులో పడ్డారు, కొందరు ఇంట్లో నోరు విప్పడం మానేశారు. వాళ్ళ మనసులు బాగుచేయమని ఆవిడ ఒక్క ముక్కలో చెప్పారు, గోడకు సున్నం వేయించమన్నట్టు.

కూడికకు వచ్చినవాళ్ళు ప్రార్థన విన్నపాలు చీటీల మీద రాసి పెట్టెలో వేసేవారు. మోకాళ్ళ నొప్పి. షుగరు. బదిలీ. కొడుకు ఇంటర్ సప్లిమెంటరీ. మనసు బాగాలేదని రాసిన చీటీ ఒక్కటీ రాలేదు. మగవాడి దుఃఖం మోకాలి దగ్గరికి వచ్చి ఆగిపోతుందని అప్పుడు అర్థమైంది. ఆగస్టులో ఒక చీటీ వచ్చింది. పేరు లేదు. "లిఫ్టు మూడో అంతస్తులో ఆగుతాంది" అని మాత్రం ఉంది.

ఆరా తీస్తే, రాసింది లిఫ్టు ఆపరేటర్ దేవదానం. యాభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. మాది పాత లిఫ్టు, స్ట్రెచర్ పట్టేంత పెద్దది, చేత్తో లాగే జాలీ తలుపు. మూడో అంతస్తు కరోనా రోజుల్లో ఐసొలేషన్ వార్డు. నేను చేరేనాటికి దాన్ని మూసేసి, విరిగిన మంచాలు పడేసి తాళం వేశారు. అక్కడ ఎవరూ ఉండరు, ఎవరూ బటన్ నొక్కరు. అయినా రోజూ మధ్యాహ్నం మూడుంబావు ప్రాంతంలో లిఫ్టు అక్కడ ఆగుతోంది. ఎలక్ట్రీషియన్ చూశాడు, కంపెనీ మెకానిక్ వచ్చి వైర్లన్నీ విప్పి చూశాడు. లోపం ఏమీ లేదని రాసిచ్చి వెళ్ళాడు.

నేను మరునాడు ఆ వేళకు లిఫ్టు ఎక్కాను. దేవదానం మూలకు ఒదిగి, గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. కుడిచేతికి రబ్బరు గ్లవుజు ఉంది. మూడో అంతస్తులో లిఫ్టు ఆగింది. అతను జాలీ తలుపు లాగాడు. ఎదురుగా ఖాళీ వరండా, తాళం వేసిన వార్డు, కిటికీలోంచి పడుతున్న ఎండ. అతను వెంటనే తలుపు మూయలేదు. స్ట్రెచర్ లోపలికి వచ్చి సర్దుకోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగాడు. నన్ను కూడా కొంచెం జరగమన్నాడు.

"ఎక్కుతాండు అయ్యగారూ. జర జాగ ఇయ్యాలె గద."

పాత లిఫ్టులోకి స్ట్రెచర్ తోసినప్పుడు బరువుకు గది అంగుళం కిందికి దిగుతుంది. కాళ్ళకు తెలుస్తుంది. ఆ మధ్యాహ్నం నా అరికాళ్ళకు అది తెలిసింది. నాకు భయం వేసింది. చెప్పుకోవడానికి సిగ్గుపడను.

ఇలాంటివి బయటపడితే మా వాళ్ళు చేసే పని ఒక్కటే. గురువారం కూడికలో సంగతి తెలియగానే సంఘ పెద్ద రాజారత్నం గారు నూనె సీసా తెచ్చారు. ఆయన రిటైరయిన కాంపౌండరు. అభిషేకం ఆయన చేతిలో పడితే సీసా ఖాళీ కావలసిందే. మూడో అంతస్తు తలుపులకూ, లిఫ్టు జాలీకీ, దేవదానం నుదుటికీ నూనె రాసి, మూడు గురువారాలు ఉపవాసంతో ప్రార్థన చేశాం. మూడో వారం రాజారత్నం గారు దేవదానాన్ని లేపి నిలబెట్టి సాక్ష్యం చెప్పమన్నారు. మేలు పొందినవాడు సంఘం ఎదుట లేచి ఆ మేలును చెప్పడమే సాక్ష్యం. చెప్పకపోతే మేలు నిలవదని మా వాళ్ళ పట్టుదల. దేవదానం అందరి ముఖాలూ చూశాడు. భయం పోయిందనీ, ఇప్పుడు ఏదీ ఎక్కడం లేదనీ చెప్పాడు. చప్పట్లు మోగాయి. అతని గొంతు పాఠం అప్పజెప్పినట్టు ఉందని నాకు అనిపించింది. అనిపించినా, ఆ నెల నివేదికలో "లిఫ్టు ఆపరేటరు స్వస్థత పొందాడు" అని రాసి సంతకం పెట్టాను. నా పనిలో నేను చేసిన పెద్ద తప్పు అదే.

పది రోజులకు అతని భార్య మార్తమ్మ నా గదికి వచ్చింది. భర్త ఏడాదికి పైగా కుడిచేత్తో అన్నం తినడం లేదనీ, ఎడమచేత్తో చెంచా పట్టి తింటాడనీ చెప్పింది. గ్లవుజు స్నానానికి తప్ప తియ్యడట. కుటుంబ ప్రార్థనలో పిల్ల తల మీద చెయ్యి పెట్టడం మానేశాడట. నాకు తల కొట్టేసినట్టయింది. మా చర్చిలో ఆరాధన ముగిశాక మగవాళ్ళు ఒకరికొకరు కుడిచేయి ఇచ్చుకోవడం ఆనవాయితీ. కరోనా వచ్చాక దాన్ని మానేసి దండం పెట్టుకుంటున్నాం. అందుకే దేవదానం ఇన్నాళ్ళుగా ఎవరికీ చెయ్యి ఇవ్వలేదన్న సంగతి మాలో ఒక్కరికీ కనబడలేదు.

"సాక్ష్యం చెప్పినకాంచి ఇంట్ల అసలే మాట్లాడుత లేడు అయ్యగారూ," అంది ఆమె. "నిన్న ఇంటి తాళంచెవులు నాకిచ్చిండు. పిల్లను మంచిగ చూసుకోమన్నడు."

టైం మూడు దాటింది. నేను మెట్ల మీదుగానే పైకి వెళ్ళాను.

మూడో అంతస్తులో లిఫ్టు తలుపు తెరిచి ఉంది. లిఫ్టు మాత్రం అక్కడ లేదు, కింద ఉంది. ఆపరేటరు దగ్గర ఒక తాళంచెవి ఉంటుంది. లిఫ్టు లేకపోయినా దానితో బయటి తలుపు తెరవవచ్చు. దేవదానం ఆ అంచున నిలబడి గోతిలోకి చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు. ఇటువంటప్పుడు మాకు నేర్పింది మూడు ముక్కలు. అరవకూడదు. మీదికి ఉరకకూడదు. పేరు పెట్టి పిలిచి, ఏదైనా చిన్న పని అడగాలి.

మెట్లు ఎక్కి వచ్చేసరికి కాళ్ళు గుంజుతున్నాయనీ, ఒక కుర్చీ తెచ్చి పెట్టమనీ పేరు పెట్టి అడిగాను. అతను చాలాసేపు కదలలేదు. తరువాత జాలీ తలుపు మూసి, కుర్చీ తెచ్చి వేశాడు. తాళంచెవి అడిగితే ఇచ్చాడు. అప్పుడు నేల మీద కూర్చుని చెప్పాడు.

సెకండ్ వేవ్‌లో యాకూబ్ అనే రోగిని మూడో అంతస్తు నుంచి మొదటి అంతస్తులోని ఐసీయూకు దించాల్సి వచ్చింది. కాశిబుగ్గ మనిషి, నలభై లోపు వయసు. రూలు ప్రకారం స్ట్రెచర్‌తో లిఫ్టులో ఒక్కరే ఉండాలి. వార్డుబాయ్ స్ట్రెచర్ ఎక్కించి, తాను మెట్ల మీదుగా కిందికి దిగాడు. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఉండగా కరెంటు పోయింది. జనరేటరు అందుకోవడానికి ఆలస్యమైంది. స్ట్రెచర్‌కు కట్టిన చిన్న సిలిండరు అయిపోయింది. చీకట్లో యాకూబ్ దేవదానం కుడిచెయ్యి పట్టుకున్నాడు.

"కిట్టు ఏసుకున్న, గ్లవుజు ఉంది. అయినా భయమయింది అయ్యగారూ. చెయ్యి గుంజుకున్న. మల్ల దొరకవట్టుకుంటడని ఎనుకకు పెట్టుకున్న. లైటు వచ్చేసరికి ఆయన చెయ్యి గాలిలనే ఉండె."

లిఫ్టు కిందికి చేరేసరికి ప్రాణం లేదు.

మేము మూడు వారాలు నూనె పూసి వెళ్ళగొట్టాలని చూసింది ఎవరినో అప్పటికి తెలిసింది. దేవదానానికి యాకూబ్ పోవడం అక్కర్లేదు. అతనికి ఒక మాట చెప్పుకోవాలి. నేనూ, రాజారత్నం గారూ కలిసి ఆ మాటను నోట్లోనే నొక్కేశాం.

ఆ పూటే సూపరింటెండెంటు గారికి జరిగింది చెప్పాను. అతన్ని లిఫ్టు డ్యూటీ నుంచి తప్పించి మానసిక వైద్యుడికి చూపించారు. మందులు మొదలయ్యాయి. మార్తమ్మ వెంటే ఉంది. మందులతో నిద్ర వచ్చింది గానీ గ్లవుజు పోలేదు. దేవదానం యాకూబ్ ఇంటివాళ్ళను కలవవచ్చా అని డాక్టరును అడిగాను. అతను ఒప్పుకుంటే, నేను పక్కన ఉంటే, కలవవచ్చన్నారు. ముందు యాకూబ్ అన్న ఖాజా మియాకు నేనే ఫోన్ చేసి, ఆఖరి గడియలో మీ తమ్ముడి పక్కన ఉన్న మనిషి వస్తానంటున్నాడని చెప్పాను. రమ్మన్నాడు.

నవంబరులో ఒక శుక్రవారం సాయంత్రం ఆటోలో వెళ్ళాం. ఖాజా మియా జంపఖానాలు నేస్తాడు. ముందు గదిలో మగ్గం, లోపలి గదికి పరదా. పరదా వెనక యాకూబ్ భార్య కూర్చుని ఉందని ఆయనే చెప్పాడు. మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి, చాయ్ ఇప్పించాడు. శవాన్ని కవరులో చుట్టి ఇచ్చారనీ, శవానికి చేయించే ఆఖరి స్నానం, గుసుల్, చేయించడానికి కూడా లేకపోయిందనీ, తమ్ముడు ఎలా పోయాడో చెప్పేవాళ్ళే దొరకలేదనీ అన్నాడు. తరువాత దేవదానం వైపు తిరిగాడు.

"ఆ దినం మూడుంబావుకు నాకు ఫోన్ చేసిండు. 'భయ్యా, ఫికర్ చెయ్యకు, ఒకాయన నా చెయ్యి పట్టుకొని ఉన్నడు' అన్నడు. గంతే, కట్టయింది. ఆ ఒకాయన ఎవలో అని అప్పటిసంది దేవులాడుతాన."

దేవదానం ఆ మాటను పట్టుకుని బయటపడవచ్చు. నిజం చెప్పాలంటే, అలా బయటపడితే బాగుండునని నేను అనుకున్నాను. అతను ఆ పని చెయ్యలేదు.

"నేను పట్టుకోలె భయ్యా," అన్నాడు. "ఆయన పట్టుకుంటే గుంజుకున్న. ఇంకోటి గూడ చెప్పాలె. ఆయన దగ్గర ఫోను లేకుండె."

పరదా ఒకసారి కదిలింది. ఖాజా మియా మగ్గం మీది దారాన్ని వేళ్ళతో సవరించాడు.

"నాకు తెల్వది తమ్మీ," అన్నాడు చివరకు. "మా యాకూబు అబద్ధమాడడు. నువ్వు గూడ ఆడుత లెవ్వు."

చెయ్యి ఇమ్మన్నాడు. గ్లవుజు ఆయనే తీశాడు. లోపల అరచెయ్యి తెల్లగా, నీళ్ళలో నానినట్టు ముడతలు పడి ఉంది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, మొదటి నుంచీ మళ్ళీ చెప్పమన్నాడు, లోపల ఉన్నామె కూడా వినాలన్నాడు. దేవదానం ఏమీ దాచకుండా మొత్తం చెప్పాడు. చెప్పినంతసేపూ ఖాజా మియా చెయ్యి వదలలేదు. పరదా వెనక ఆమె ఏడ్చింది. దేవదానం కూడా ఏడ్చాడు. మాఫీ అనే మాట ఎవరూ అనలేదు.

మరునాడు నేను పాత వార్డు సామాన్ల రిజిస్టరు తెప్పించుకుని చూశాను. ఐసొలేషన్‌లో చేరేవాళ్ళ ఫోన్లు, ఉంగరాలు కవరులో పెట్టి సీలు వేసేవారు. యాకూబ్ ఫోను అతను పోవడానికి ముందురోజు ఉదయమే జమ అయింది. అతను పోయిన నాలుగో రోజున కవరు, సీలు విప్పకుండా, ఇంటివాళ్ళకు అప్పగించారు. అందుకున్నట్టు ఖాజా మియా సంతకం ఉంది. రిజిస్టరు మూసేశాను. ఎవరినీ ఇంకేమీ అడగలేదు.

ఆ నెల నివేదికలో, వెనకటి నివేదికలో నేను రాసింది తప్పని రాసి, కింద సంతకం పెట్టాను. దేవదానం కొన్నాళ్ళు స్టోర్సులో చేసి, డాక్టరు అనుమతితో మళ్ళీ లిఫ్టు ఎక్కాడు. ఆ క్రిస్మస్ ఆరాధన ముగిశాక నా ముందుకు వచ్చి కుడిచెయ్యి చాపాడు. వెచ్చగా ఉంది. పక్కన అతని కూతురు ఉంది, రెండో చెయ్యి ఆమె తల మీద ఉంది.

నేను రిటైరయ్యేనాటికి కూడా లిఫ్టు అప్పుడప్పుడూ మూడో అంతస్తులో ఆగేది. దేవదానం తలుపు లాగి, కుడిచెయ్యి ముందుకు చాపి, కాసేపు అలాగే ఉంచి, మళ్ళీ తలుపు మూసేవాడు. నేను లోపల ఉంటే పక్కకు జరిగేవాణ్ణి. ఏమి ఎక్కిందో నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఈ పనిలోకి వచ్చే కుర్రపాస్టర్లకు నేను చెప్పేది ఇంతే. భయంతో వచ్చిన మగవాడి నుంచి దేన్ని వెళ్ళగొట్టాలా అని చూడకముందు, అతను ఎవరికి ఏ మాట చెప్పుకోవాలో అడగండి. ఆ మాట సంఘానికి చెందింది కాదు, దాని కోసం ఎదురుచూస్తున్న ఇల్లు ఒకటి ఉంటుంది. అక్కడిదాకా తీసుకువెళ్ళి పక్కన కూర్చోవడమే మన డ్యూటీ. "స్వస్థత పొందాడు" అన్న వాక్యాన్ని రిజిస్టరులో తొందరపడి రాయకండి.