బుక్కు కంటే ముందు సూది

నిజాం పాలనలో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో, రోహిణి కార్తె ఎండల్లో, నన్ను నాగర్‌కర్నూలు తాలూకాకు సలోత్రీగా వేశారు. సలోత్రీ అంటే పశువుల డాక్టరు. హైదరాబాదులో చదువుకుని అక్కడే గుర్రాలకు వైద్యం చేసినవాణ్ణి. ఈ సీమలో నన్ను పలకరించే దిక్కు లేదు. వానలు పడేలోగా బిజినేపల్లి చుట్టుపక్కల ఎద్దులకు గొంతువాపు టీకాలు వేయాలని ఉత్తర్వు. ఆ జబ్బు తొలకరితో వస్తుంది, ఒక్క పూటలో ఎద్దును పడగొడుతుంది. దుక్కి వేళ ఎద్దు పోతే ఆ ఇంటికి ఆ ఏడు సేద్యం లేనట్టే.

కొత్తచోట పని సాగాలంటే పరిచయాలు కావాలని మా పెద్దలు నేర్పారు. నేర్పినట్టే షేర్వానీ తొడుక్కుని తహసీల్దారును, పట్వారీని, ఊరూరా పటేళ్లను కలిసి చాయ్ తాగాను. వాళ్లు చాటింపు వేయించారు. పద్ధతి ప్రకారం ముందు రిజిష్టరు తెరిచి రైతు పేరు, ఎద్దుల సంఖ్య, రంగు రాసుకుని తర్వాత టీకా వేయాలి. బల్ల వేసుకుని కూర్చుంటే ఊళ్లో ఒక్క ఎద్దు కనిపించలేదు. అన్నింటినీ గుట్టల్లోకి తోలేశారు. తర్వాత వెళ్లిన రెండు ఊళ్లలోనూ ఇదే మర్యాద. నాకు ఒళ్లు మండిపోయింది. జనం మూర్ఖులని డైరీలో రాశాను కూడా. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

బిజినేపల్లి సంతలో హుసేనప్ప అని ఎద్దులకు నాడాలు కొట్టేవాడు ఉండేవాడు. తాడు వేసి ఎద్దును మెత్తగా పడుకోబెట్టే అతని ఒడుపుకు ముచ్చటపడి, ఒకరోజు పక్కనే కింద కూర్చున్నాను. ఒక ఎద్దుకు గిట్ట చీలి ఉంటే మందు పెట్టాను. ఆ మాటా ఈ మాటా అయ్యాక నా గోడు చెప్పుకుంటే నవ్వాడు.

"సాబ్, మీరు ముంగట బుక్కు తీస్తరు, ఎనక సూది తీస్తరు. మావోళ్లు బుక్కు జూసే బెదురుతరు. ఎద్దుల లెక్క రాసుకపోతే రేపు బండి కట్టుకొని ఎట్టికి రమ్మంటరు గద."

ఎట్టి అంటే వెట్టి. కూలి లేకుండా అధికారుల సామాను మోయడం. పటేల్ పిలిపించిన బండి మళ్లీ ఇంటికి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. నేను చాయ్ తాగిన ఇళ్లను చూసే జనం నాకు భయపడ్డారన్నమాట.

సూది ముందు వేసి, ఎద్దుల లెక్క లేకుండా పేరు మాత్రం తర్వాత రాసుకోమన్నాడు. అది నిబంధనలకు విరుద్ధం. అయినా సరేనన్నాను. మరి మొదటి ఎద్దు ఎవరిది? నువ్వే ఏదైనా దారి చూపించమని హుసేనప్పనే అడిగాను. అతను లేచి, తన బండెద్దుల్లో ఒకదాన్ని తెచ్చి సంత నడుమ పడుకోబెట్టాడు. వాళ్లింటి బతుకంతా ఆ జోడు మీదే. అందరూ చూస్తుండగా టీకా వేశాను.

మరునాటికి ఎద్దు మెడ వాచింది, మేత ముట్టలేదు. టీకాకు కాస్త వాపు మామూలే. అంత వాపు మాత్రం నేనూ చూడలేదు. సర్కారు సూది ఎద్దును చంపుతున్నదని ఊరంతా పుకారు. రెండు రోజులు అతని కొట్టంలోనే ఉండి కాపడం పెట్టాను. హుసేనప్ప భార్య వేళకు జొన్నరొట్టె నా ముందు పెట్టి, ఎద్దు మెడ తడిమి చూసి వెళ్లేది. మూడోనాడు ఎద్దు కుడితి తాగి గడ్డి అందుకుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

తర్వాతి సంతకు ఆ ఎద్దు బండి లాక్కుంటూ వచ్చింది. ఆ రోజు పొద్దుగూకేదాకా సూది వేస్తూనే ఉన్నాను. ఎద్దుల బేరగాళ్లు, గొర్లకాపరులు, ఎవరి పశువు ఏ ఊళ్లో మేత మానిందో కబురు తెచ్చేవాళ్లు, అందరూ హుసేనప్ప మనుషులే. క్రమంగా నా మనుషులూ అయ్యారు.

కొన్నేళ్లకు ఆ తాలూకా వదిలి వెళ్లేటప్పుడు, ఆనాడు ఎద్దు చచ్చిపోయి ఉంటే ఏమయ్యేదని అతణ్ణి అడిగాను.

"ఏమున్నది సాబ్," అన్నాడు. "మీకు బదిలీ అయితది. నాకు యాడికైతది?"

ఉద్యోగి పొరపాటు చేస్తే ఊరు మారతాడు. అతణ్ణి నమ్మి ముందు నిలబడ్డవాడు అదే ఊళ్లో, అదే జనం మధ్య బతకాలి. ఆ తర్వాత పనిచేసిన ప్రతి తాలూకాలో, ఎవరినైనా సాయం అడిగే ముందు, పని చెడితే నీకేమవుతుందని అడిగేవాణ్ణి.