ప్యాసింజరు, ఆపైన నడక

మా టైపు మేడం పోయారు. పోయిన నెలలో ఒక మంగళవారం ఉదయం హిందూపురం బస్టాండులో సోమందేపల్లి బస్సు కోసం నిలబడి ఉంటే, ధర్మవరం నుంచి మేడం వాళ్లక్క ఫోన్ చేసింది. "పాపా, మీ మేడం తెల్లారుజామున పోయినాదమ్మా. నిద్దట్లోనే. ఏమీ కష్టపడల్యా" అంది. బస్టాండు రేకుల కింద పిచ్చుకలు ఒకటే గొడవ చేస్తున్నాయి. ఆ గొడవలో నాకు సగం మాటలే వినిపించాయి, కానీ ఆ సగం చాలు.

ఆ రోజు ఆఫీసుకు పోలేదు. స్టేషనుకు పోయి ధర్మవరం ప్యాసింజరెక్కి, ఎడమ పక్క కిటికీ దగ్గర కూర్చున్నాను. ఏడుపు రాలేదు, భయం వేసింది. మేడంకు నేనొక అబద్ధం చెప్పాను. పద్నాలుగేళ్ల కిందటి మాట. చిన్న అబద్ధమే, పిట్టంత. ఈసారి కలిసినప్పుడు చెప్పేద్దాం, వచ్చే పండక్కి చెప్పేద్దాం అనుకుంటూ కాలం గడిపాను. ఇప్పుడు చెప్పుకుందామన్నా మనిషి లేరు. అందుకే మీకు చెబుతున్నాను.

ఇంటరు తప్పిన ఏడాది మా నాయన నన్ను మేడం దగ్గర టైపుకు చేర్పించాడు. హిందూపురం బజారులో ఒక బట్టల కొట్టు మీద మేడ. ఆరు ఇంగ్లీషు మిషన్లు, రెండు తెలుగు మిషన్లు. మేడంకు అప్పటికి నలభై దాటి ఉంటాయి. పెళ్లి చేసుకోలేదు. ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టినావిడ కాబట్టి ఎప్పుడూ మంచి రంగు చీరే కట్టేవారు. ఆమె దగ్గర మొదటి పాఠం వేళ్లకు కాదు, బుద్ధికి. "తప్పు పడిందా, పడనీ. వెనక్కిపోయి దాని మీద ఇంకో అక్షరం కొట్టద్దు. రబ్బరు ముట్టద్దు. ముందుకు పో. తప్పు ఆడనే ఉంటాది, యాడికీ పోదు." రబ్బరు దాచుకున్నానని ఒకసారి నన్ను వారం రోజులు వట్టి అ ఆ లే కొట్టించారు.

మధ్యాహ్నాలు ఎనిమిది మిషన్లూ కలిసి మోగుతుంటే, రేకుల మీద వాన పడుతున్నట్టే ఉండేది. మా ఊళ్లో వాన ఎటూ రాదు, ఆ చప్పుడన్నా విందామని కొందరు చేరేవాళ్లని మా నాయన ఎగతాళి చేసేవాడు. అలాంటి ఒక మధ్యాహ్నం మేడం టక్కున చెయ్యెత్తి అందరినీ ఆపేశారు. కిటికీ బయట కరెంటు తీగ మీద ఒక నల్లపిట్ట, తోక రెండుగా చీలి. "పసులపోలిగాడు. ఎనుముల మీద కూర్చునేవాడు, బజారుకు ఎందుకొచ్చినాడబ్బా?" అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, కిటికీ దగ్గరికి పోయి చూశాను. వచ్చే ఆదివారం నన్ను రమ్మన్నారు.

మేడంకు కారు లేదు సరే, కారున్న చుట్టాలు కూడా లేరు. స్కూటరు లేదు. సైకిలు తొక్కడం రాదు. ఉన్నదల్లా బెంగళూరులో ఎవరో వాడి అమ్మేసిన బైనాక్యులరు, అందులో ఒక గొట్టం వదులైతే చుట్టూ పట్టుదారం బిగించి కట్టారు. ఒక గుడ్డసంచి, అందులో చిత్రాన్నం. మేం పిట్టల కోసం ఎక్కడికీ పోయేవాళ్లం కాదు, బస్సు ఎక్కడికి పోతే అక్కడికి పోయేవాళ్లం. "పిట్ట యాడుంటాదో మనకు తెల్దు. బస్సు యాడ నిలుస్తాదో తెలుసు. ఆడ దిగి చూస్తే సరిపాయ" అనేవారు. అట్లా అగళి దారిలో, ఆమడగూరు దారిలో, పేరు లేని స్టాపుల్లో దిగి, చింతచెట్ల కింద, ఎండిన వంకల పక్కన గంటలు గంటలు కూర్చున్నాం. తిరుగు బస్సు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అది రాకపోతే బాగుండునని నాకు అనిపించిన రోజులున్నాయి.

రైలయితే ఎడమ పక్కనే కూర్చోవాలి. పోయేటప్పుడూ ఎడమే, వచ్చేటప్పుడూ ఎడమే. అట్లయితే ఒక్క రోజులో రెండు పక్కలా చూసినట్టవుతుందని మేడం లెక్క. మాలుగూరు దాటాక ఎక్స్‌ప్రెస్సుకు దారి ఇవ్వడానికి మా ప్యాసింజరును పక్కన నిలబెట్టేవాళ్లు. జనమంతా విసుక్కుంటూ తిట్టుకుంటూ ఉంటే మేడం మొహం వెలిగిపోయేది. బండి చప్పుడు ఆగిపోయి, వేరుశనగ చేల మీదుగా గాలి వచ్చేది. ఎక్కడో తీతువు అరిచేది. "అమ్మో, తీతువు! ఎవురికి మూడిందో" అని ఎదురుగా కూర్చున్న ముసలమ్మ చెంపలేసుకుంటే, "అది మనల్ని చూసి భయపడి అరస్తాదమ్మా. దాని గుడ్లు నేల మీద ఉంటాయి. దానికి మనమే అపశకునం" అన్నారు మేడం. ముసలమ్మ "అదీ నిజమేలే" అని తమలపాకు తీసింది.

చిలమత్తూరు పక్కన ఒక ఊరికి ఏటా ఎర్రకాళ్ల కొంగలు వస్తాయి, చింతచెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని చేసుకుని పోతాయి. ఊరివాళ్లకు అవి పురుటికి వచ్చిన ఆడబిడ్డలు. కింద పడిన పిల్లను ఎత్తి సాకుతారు, ఆ చెట్ల కింద పెళ్లయినా టపాసు కాల్చరు. మేం పోయిన రోజు అరుగు మీద ఒక అవ్వ మేడంను తేరిపార చూసి, "నీకు బిడ్డలెంతమందమ్మా?" అని అడిగింది. మేడం చెట్ల వైపు చెయ్యి చూపించి, "లెక్కపెట్టుకుంటాండా, ఇంగా ఐపోలే" అన్నారు. అవ్వ నోరంతా తెరిచి నవ్వింది. ఆ తరువాత చెంబెడు మజ్జిగ వచ్చింది.

సోమవారం పొద్దున్నే, ఆదివారం చూసినవన్నీ తెలుగు మిషన్ మీద కొట్టేవారు. తేదీ, చోటు, పిట్ట, ఎన్ని, చూసినవారు. చివరన ఇంకో గడి, దారి. అందులో బస్సు అనో, ప్యాసింజరు అనో, నడక అనో ఉండేది. ఎట్లా పోయామో ఎందుకు మేడం అంటే, "ఎట్ల పోతివో దాన్ని బట్టే ఏమి కనపడేదీ" అన్నారు. ఒకసారి పెనుకొండ కింద బెంగళూరు కారొకటి ఆగి, పెద్ద పెద్ద కెమెరాలవాళ్లు దిగారు. మేడం వాళ్లకు కన్నడంలో దారి చెప్పారు. సాయంత్రం వాళ్లు మమ్మల్ని హిందూపురంలో దించుతామన్నారు. నా కాళ్లు అప్పటికే పీకుతున్నాయి, ఒక కాలు కారులో పెట్టేశాను కూడా. మేడం వద్దన్నారు. దారి పొడుగునా మూతి ముడుచుకున్నాను. బస్సెక్కాక, "కారు మనం ఆపితేనే ఆగుతాది పాపా. బస్సు మనం అడగని చోట నిలుస్తాది. పిట్టలుండేదీ ఆడనే" అన్నారు. ఆ బస్సు చెప్పినట్టే సోమందేపల్లికి ఇవతల టైరు పోయి నిలబడింది. గంటసేపు పాలపిట్టల్ని చూశాం. అప్పటికీ నాకు కారే మేలనిపించింది, అబద్ధమెందుకు.

ఇక ఆ అబద్ధం సంగతి.

పెనుకొండ కోట పైన రాతిగుండ్ల నడుమ ఒక పికిలిపిట్ట ఉంటుందని మేడం ఎక్కడో చదివారు. మామూలు పికిలి కాదు. నెత్తిన జుట్టు లేదు, తోక కింద ఎరుపు లేదు, మెడ మాత్రం పసుపు. మన వైపు రాతికొండల్లో తప్ప ఎక్కడా ఉండదట. మేడం దానికి పసుపుమెడ అని పేరు పెట్టుకున్నారు. రెండేళ్లు తిరిగినా ఒక్కసారీ కనిపించలేదు. శివరాత్రి దాటిన వారం మళ్లీ పోయాం. సగం మెట్ల దగ్గర మేడం కాలు మడతపడింది. పాత కోటగోడ నీడలో కూర్చుని బైనాక్యులరు నా మెడలో వేశారు. "నువ్వు పోయి చూసి రా. నీ కండ్లయినా నా కండ్లయినా ఒగటే" అన్నారు.

పైకి పోయాను. రెండు పెద్ద గుండ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, వాటి నడుమ పగులులోంచి ఒక జువ్విచెట్టు. కింద నీడ చల్లగా ఉంది. రాయి కూడా చల్లగా ఉంది. కింద ఊరు, ఊరవతల రైలుపట్టా, పట్టా మీద ఎండ అలలు అలలుగా కదులుతోంది. ఒక్క నిమిషం ఒరిగానంతే. లేచేసరికి నీడ అవతలి గుండు మీదికి పోయింది. బైనాక్యులరు నా రొమ్ము మీద ఉంది. ఆ సేపట్లో ఎన్ని పిట్టలు వచ్చి పోయాయో నాకేం తెలుసు!

దిగివచ్చేసరికి మేడం గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఉన్నారు. నా మొహంలోకి చూశారు. ఆ చూపు చూశాక నిద్రపోయానని చెప్పడం నా వల్ల కాలేదు.

"కనపడెనా?"

"కనపడింది మేడం."

"యాడ?"

"పైన, రెండు గుండ్ల నడుమ. జువ్విచెట్టు మీద."

"ఎన్ని?"

"రెండు."

"నెత్తిన జుట్టు ఉండెనా?"

"లేదు. మెడ పసుపు."

ఆమె నేర్పిన పాఠమే ఆమెకు అప్పజెప్పాను. మేడం నా రెండు చెంపలూ పట్టుకుని కళ్లల్లోకి చూశారు, ఆ పిట్టలు ఇంకా అక్కడే ఉన్నాయన్నట్టు. పెనుకొండ బస్టాండులో బజ్జీల బండివాడితో, "ఏమప్పా, మా పాప ఈ పొద్దు పసుపుమెడను చూసినాది!" అన్నారు. వాడికేం అర్థమైందో, "అట్లనా మేడం, మంచిదే కదా" అని నాకు ఇంకో బజ్జీ ఎక్కువ వేశాడు. దాన్ని కాగితంలో చుట్టి సంచిలో పెట్టేశాను. సోమవారం అందరి ముందూ కొట్టారు. పెనుకొండ, పసుపుమెడ పికిలి, రెండు. చూసినవారి గడిలో నా పేరు.

ఆ తరువాత పెనుకొండకు రమ్మన్న ప్రతిసారీ ఒక సాకు చెప్పాను. జ్వరమన్నాను, పరీక్షన్నాను, చుట్టాలన్నాను. మేడం బలవంతపెట్టే మనిషి కాదు. మెల్లగా ఆదివారాలే పోయాయి. నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, కంప్యూటర్లు వచ్చాయి. మేడం మేడ ఖాళీ చేసి, ఒక తెలుగు మిషన్ మాత్రం వెంట తీసుకుని ధర్మవరంలో అక్క ఇంటికి చేరారు. ఏడాదికొకసారి పోయేదాన్ని. చెరువుగట్టు మీద కూర్చుని నీటికాకులను చూసేవాళ్లం. రెక్కలు ఆరబెట్టుకుంటున్న ఆ కాకుల మధ్య చెప్పుకోవాల్సిన నా మాట అట్లాగే ఉండిపోయేది. నోరు తెరిస్తే, "మాట్లాడద్దు పాపా, ఎగిరిపోతాయి" అనేవారు. అదే సందని నేను నోరు మూసుకునేదాన్ని.

పదకొండో రోజు భోజనాలయ్యాక వాళ్లక్క పట్టుదారంతో కట్టిన కాగితాల కట్ట, బైనాక్యులరు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "నీకే ఇయ్యమన్నాదమ్మా. నాకు సదువు రాదు. ఈ పక్క మా మగ్గం, ఆ పక్క దాని మిషను, రెండూ కలిసి మోగుతాండె. ఇప్పుడు మగ్గం ఒంటిగా ఐపోయినాది" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తిరుగు ప్యాసింజరులో ఎడమ పక్క కూర్చుని కట్ట విప్పాను. ఆ పసుపుమెడ నాటి కాగితం దొరికింది. నా పేరు ఉంది. దాని కింద ఖాళీగా ఉండాల్సిన చోట వరుసగా ఇంకొన్ని వరుసలున్నాయి. ఒక్కొక్కటి ఒక్కో తేదీ. పెనుకొండ, జువ్విచెట్టు. దారి: ప్యాసింజరు, నడక. కనపడలేదు. మళ్లీ అదే. కనపడలేదు. మళ్లీ అదే. రిబ్బను మారింది, నలుపు పోయి బూడిదరంగు వచ్చింది, అక్షరాలు వంకర పోయాయి. మడతపడిన ఆ కాలుతో, నేను నిద్రపోయిన చెట్టు దగ్గరికి, నేను చెప్పిన మాట పట్టుకుని, పదకొండుసార్లు. నేను సాకులు చెప్పిన ఆదివారాలు కూడా అందులో ఉన్నాయి. చాకర్లపల్లి దగ్గర బండి ఆగినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఎదురుగా ఉన్నావిడ తన నీళ్ల సీసా ఇచ్చింది.

చిట్టచివరి వరుస వేరుగా ఉంది. జువ్విచెట్టు. రెండు. పాప చెప్పిన చోటే.

మేడం నిజంగా చూశారా? లేక నా అబద్ధం ఎప్పుడో కనిపెట్టి, దాన్ని కొట్టివేయకుండా దాని కింద నా కోసం ఈ వరుస కొట్టారా? చూడనిది చూశానని కొట్టే మనిషి కాదు. అయినా నా మీద ప్రేమ కొద్దీ ఆ ఒక్కసారీ కొట్టి ఉంటారేమోనన్న అనుమానం నన్ను వదల్లేదు. అడగడానికి మనిషి లేరు. చెట్టుంది.

మొన్న ఆదివారం పోయాను. ప్యాసింజరు, ఆపైన నడక. మెట్లు నాకూ ఇప్పుడు బరువే. జువ్విచెట్టు పెద్దదైంది, దాని వేళ్లు గుండును కౌగిలించుకుని కిందికి దిగాయి. పట్టుదారం బైనాక్యులరు పట్టుకుని అదే రాతి మీద కూర్చున్నాను. ఈసారి నిద్రపోలేదు. కింద పట్టా మీద ఎండ అట్లాగే అలలుగా కదిలింది. ఎంతసేపు గడిచిందో తెలియదు. నా పక్కన రాతి మీద టప్పున ఒక పండు పడింది. ఎర్రటి జువ్విపండు, సగం పొడిచి ఉంది, ఇంకా తడిగా ఉంది. తలెత్తాను. కొమ్మ ఊగుతోంది. కొమ్మ మీద ఏమీ లేదు.

దిగి ధర్మవరం బండెక్కాను. వాళ్లక్క ఇంట్లో మేడం మిషన్ మీది మూత తీసి, వెంట తెచ్చుకున్న కట్టలోంచి ఆ కాగితం ఎక్కించాను. పక్క గదిలో మగ్గం ఆడుతోంది. చివరి వరుస కింద తేదీ కొట్టాను. జువ్విచెట్టు. కనపడలేదు. దాని కింద ఇంకో వరుస. ఆ మొదటి రోజు కూడా కనపడలేదు మేడం, నిద్రపోయినాను. వేళ్లు ఆగలేదు, తప్పు పడలేదు. కొమ్మ ఊగింది అని కూడా కొడదామని వేలు పెట్టి, తీసేశాను. ఊగిన కొమ్మను పిట్ట అని కొడితే మేడం ఒప్పుకోరు.

కాగితం కట్టలో పెట్టి దారం ముడేశాను. ఆ కొమ్మ మాత్రం నా కళ్లలో ఇంకా ఊగుతూనే ఉంది, ఇప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టు.