వదిన వాయించిన మూలకాలు

ఎనిమిదో తరగతి చదువుతున్నప్పుడు మెదడువాపు జ్వరం వచ్చి నా రెండు కళ్ళ చూపూ పోయింది. ఏడాదిపాటు ఇంట్లో కూర్చున్నాక మా నాన్న హెడ్మాస్టరుగారిని బతిమాలి మళ్ళీ అదే స్కూల్లో చేర్పించాడు. పాఠాలు విని గుర్తుపెట్టుకునేదాన్ని. పక్కన కూర్చునే పిల్లలు పుస్తకం చదివి వినిపించేవారు. పదో తరగతికి వచ్చేసరికి సైన్సు మాస్టారు ఒకరోజు నన్ను ఆపి, "బొమ్మలూ గ్రాఫులూ నువ్వు ఒగ్గేయమ్మా. మిగతావి సదువుకుంటే పాసు మార్కులు వచ్చేత్తాయి" అన్నారు. ఆయన దయతోనే అన్నారు. నేనూ సరేనన్నాను. కానీ ఆ రోజు అన్నం సయించలేదు.

స్కూలు వదిలాక నాన్న వచ్చేదాకా నేను మా వదిన దగ్గర ఉండేదాన్ని. వదిన అంటే మా మేనత్త కూతురు. బి.కాం. చదివి, అనకాపల్లి మెయిన్ రోడ్డులో ఒక మేడ మీద ఉన్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకి టైపింగూ అకౌంట్లూ నేర్పేది. ఆదివారం మా చర్చిలో కీబోర్డు వాయించేది. నాన్న బెల్లం మార్కెట్లో గుమస్తా. సీజన్లో పని తెమిలేసరికి బాగా పొద్దుపోయేది. అందుకని వదిన నన్ను తన కంప్యూటర్ పక్కనే ఒక కుర్చీలో కూర్చోబెట్టుకునేది.

ఇన్‌స్టిట్యూట్‌కి ఎవరో ఇచ్చిన సీడీ ఒకటి ఉండేది. అందులో మూలకాల ప్రోగ్రాం ఉంది. తెర మీద గళ్ళ గళ్ళుగా ఆవర్తన పట్టిక వస్తుందట. ఏ గడి మీద నొక్కితే ఆ మూలకం ఎప్పుడు కరుగుతుందో, ఎప్పుడు మరుగుతుందో, ఎంత బరువో అన్నీ చెబుతుందట. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య ఖాళీ దొరికితే వదిన నాకోసం అది తెరిచేది. నేను ఒక అంకె చెప్పేదాన్ని. తను నొక్కి చదివేది.

"ముప్ఫై ఒకటి."

"గాలియం. ఇది సేతిలో పెట్టుకుంటే కరిగిపోతాదట. ఐస్‌ఫ్రూట్ లాగ."

ఒక సాయంత్రం అలా చదువుతూ చదువుతూ వదిన ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఏటయింది?" అన్నాను.

"ఇక్కడ గ్రాఫ్ అని ఒక బటనుంది. నొక్కేను. అన్ని మూలకాలనీ కలిపి గీత గీసీసింది. బాగుంది."

"ఎలాగుంది?"

వదిన చాలాసేపు మాటలు వెతుక్కుంది. కొండల్లాగుంది అంది. కాదు, రంపం పళ్ళలాగుంది అంది. నా వేలు పట్టుకుని తెర మీద ఆ గీత వెంట నడిపించింది. నాకు గాజు తగిలింది. వేలి చుట్టూ చిరచిరమని సన్నటి కరెంటు పాకింది, అంతే. తర్వాత నా అరచేతిలో గోటితో గీసి చూపించింది. రెండు మలుపులు తిరిగేసరికి మొదటి మలుపు ఎక్కడుందో నాకు గుర్తులేదు.

"పోనీలే వదినా. గ్రాఫులు ఒగ్గేయమని మాస్టారు సెప్పేరు" అన్నాను.

వదిన కంప్యూటర్ కట్టేసింది.

ఆ ఆదివారం ఆరాధన అయిపోయాక తను పాస్టరుగారిని అడిగి చర్చి కీబోర్డును దుప్పటిలో చుట్టింది. ఇద్దరం రిక్షా ఎక్కాం. ఎక్కడికని అడిగితే, "వత్తే తెలుత్తాది" అంది. ఇన్‌స్టిట్యూట్ తాళం తీసి, కంప్యూటర్ ముందు బల్ల మీద కీబోర్డు పెట్టింది. నన్ను పక్కన కూర్చోమంది.

"ఇప్పుడు ఇను. ఒకో మూలకానికీ ఒకో సప్పుడు. గీత పైకెళ్తే సప్పుడు పైకెళ్తాది, కిందకొత్తే కిందకొత్తాది. కొలత ఏసుకునే ఒచ్చేను. పేర్లు నేను సెప్తాను."

పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ని లాగెయ్యడానికి ఎంత శక్తి కావాలో చూపించే గ్రాఫ్ అది. హైడ్రోజన్ మధ్యలో ఎక్కడో మోగింది. హీలియం సన్నగా, ఈల వేసినట్టు, కీబోర్డు చివర్న మోగింది. లిథియం ధబ్బున అడుక్కి పడిపోయింది. అక్కడి నుంచి బెరీలియం, బోరాన్, కార్బన్ అంటూ మెట్టు మెట్టూ ఎక్కుతూ నియాన్ దాకా వెళ్ళి, సోడియం దగ్గర మళ్ళీ కింద పడింది.

కొండలూ రంపాలూ అన్నప్పుడు తెలియనిది ఇప్పుడు తెలిసింది. అది ఒక పాట. చరణం అయిపోగానే మళ్ళీ మొదటికి వస్తోంది.

"ఇంకోసారి వదినా."

రెండోసారి వింటుంటే ఒకచోట చెవికి తట్టింది. "బోరాన్ దగ్గర తప్పు నొక్కేవా? పైకెళ్ళాల్సింది కిందకొచ్చింది. ఆక్సిజన్ దగ్గర కూడాను."

వదిన తెర మీద చూసుకుంది. "లేదే. గీత కూడా అక్కడ కిందకే దిగింది. నేనే సూడలేదు."

సోడియం నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. మెగ్నీషియం దగ్గర ఎక్కి అల్యూమినియం దగ్గర దిగింది, ముందు చరణంలో బోరాన్ దిగినట్టే. అయితే ఆక్సిజన్‌లా దిగాల్సింది ఇక్కడ, పట్టికలో దాని కిందే ఉండే గంధకం. ఫాస్ఫరస్ మోగింది. గంధకం మోగింది. రెండూ ఒకే స్వరం.

"దిగలేదు" అన్నాను. నిజంగా దిగులేసింది.

"ఉండు" అని వదిన ఆ రెండు గడులూ తెరిచి అంకెలు చదివింది. ఫాస్ఫరస్ వెయ్యీ పన్నెండు, గంధకం వెయ్యి. "దిగిందే పిల్లా. అంత కొంచెం దిగితే దానికి ఈ కీబోర్డులో మెట్టు లేదు."

ఇద్దరం నవ్వుకున్నాం. ఎందుకు దిగుతుందో మాత్రం ఇద్దరికీ తెలియదు. వదిన చదివింది కామర్సు.

సోమవారం నేను సైన్సు మాస్టారిని అడిగాను. బోరాన్ దగ్గరా ఆక్సిజన్ దగ్గరా గ్రాఫ్ ఎందుకు కిందికి దిగుతుందండీ అని. ఆయన, "నీకెవరు సెప్పేరమ్మా?" అన్నారు. వినిపించిందన్నాను. ఆయనకి అర్థం కాలేదు. ఆ సాయంత్రం నాతోపాటే మేడ మెట్లెక్కి వచ్చారు. వదిన కీబోర్డు ఇంకా చర్చికి తిరిగివ్వలేదు. మళ్ళీ వాయించింది. మాస్టారు నిలబడే విన్నారు. పొటాషియం తర్వాత కాల్షియం, ఆపైన ఇనుము వైపు వచ్చేసరికి స్వరం పెద్దగా కదలకుండా అక్కడక్కడే తారాడింది. అప్పుడు ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"అవునమ్మా, అవి అంతే. పెద్దగా మారవు" అని, తర్వాత నాకు కారణం చెప్పారు. మొదటి దిగుడు ఎందుకంటే, బోరాన్‌లో చివరి ఎలక్ట్రాన్ కొంచెం ఎత్తైన కొత్త గదిలో ఉంటుంది, లాగడం తేలిక. ఇక రెండో దిగుడు. "మూడు బెంచీలున్నాయనుకో. ముగ్గురొత్తే తలో బెంచీ మీదా కూకుంటారు. అది నైట్రోజన్. నాలుగోవాడొత్తే ఎవరో ఒకరి పక్కన ఇరుక్కోవాల. ఇరుక్కున్నవాణ్ణి లేపడం సులువు. అది ఆక్సిజన్. ఇది ఇంటర్ పాఠం. నువ్వు ముందే అడిగేవు."

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి వదినతో, "ఇన్నేళ్ళు ఈ గ్రాఫ్ బోర్డు మీద గీసేను గానీ, ఇలాగ సెప్పొచ్చని నాకు తట్టలేదమ్మా" అన్నారు. ఆ తర్వాత ఆయన క్లాసులో గ్రాఫ్ గీసిన ప్రతిసారీ గీత ఎక్కడ ఎక్కుతుందో, ఎక్కడ దిగుతుందో నోటితో చెప్పడం మొదలుపెట్టారు. నేను వాటిని వదిలెయ్యలేదు. పరీక్షలో నేను చెప్తుంటే తొమ్మిదో తరగతి అమ్మాయి రాసింది. సైన్సులో మంచి మార్కులే వచ్చాయి.

ఇంటర్లో సైన్సు చదువుతానన్నాను. వదిన ఇన్‌స్టిట్యూట్‌కి సెలవు పెట్టి నన్ను కాలేజీ కాలేజీకీ తిప్పింది. ల్యాబులో ఆసిడ్లుంటాయి, బాధ్యత మేం పడలేం అన్నారు అందరూ. ఒకచోట వదిన గొంతు పెంచింది కూడా. లాభం లేకపోయింది. చివరికి చరిత్ర తీసుకున్నాను. ఇప్పుడు ఆ చరిత్రే పిల్లలకి చెబుతున్నాను, ఇష్టంగానే.

నాకు వదినలో గొప్పగా తోచేది ఒకటుంది. ఆమెకి రసాయనశాస్త్రం రాదు. చూపులేనివాళ్ళకి ఎలా చెప్పాలో ఎవరూ నేర్పలేదు. నేను పోనీలే అన్న మాటని మాత్రం ఆమె ఒప్పుకోలేదు. కాలేజీల వాళ్ళు కాదన్నాక కూడా, వీలున్న ఆదివారం ఏదో ఒక గ్రాఫ్ వాయించేది. సాంద్రత అయింది. తర్వాత ద్రవీభవన స్థానాలు, అంటే ఏది ఎంత వేడికి కరుగుతుందో, మొదలుపెట్టాం. ఇనుము చివరి మెట్టు మీదకి వచ్చేలా కొలత వేసుకుంది ఆ రోజు. లిథియం మోగింది. బెరీలియం పైకెక్కింది. ఇనుము కన్నా ఎక్కువ వేడికి కరిగే బోరాన్‌కే మెట్లు అయిపోయాయి. వదిన ఆగింది. గాజులు గలగలమన్నాయి. కీబోర్డు దాటి పక్కనున్న చెక్కబల్ల మీద అరచేత్తో కొట్టి, "ఇదిగో, ఇక్కడుంది బోరాన్" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని బల్ల ఆ చివరిదాకా లాక్కెళ్ళింది. "ఇది కార్బన్."